‘పెంచండి’ వేరు, ‘ఎక్కించండి’ వేరు

సంపాదకులకు,

నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మహిళల పేజీలో పసిబిడ్డల ఊలు కోటు అల్లిక కొలతలు వేశారు. బొమ్మ బాగుంది, లెక్కలు కూడా చాలావరకు సరిగ్గానే ఉన్నాయి. చిక్కంతా ఒక్క వాక్యంతోనే వచ్చింది. ‘56 కుట్లతో వీపు భాగం అల్లాక, 60 కుట్లు చేర్చి 116 చేసుకుని చేతులు అల్లండి’ అని రాశారు. ఎక్కడ చేర్చాలి, ఎలా చేర్చాలి, ఒకే వరసలోనా రెండు వరసల్లోనా అన్నది లేదు.

కొత్తగా నేర్చుకునే మనిషి దీన్ని మూడు రకాలుగా చదువుకోవచ్చు. అరవై కుట్లూ ఒకే అంచున వేసిందనుకోండి, ఒక చెయ్యి 27 సెంటీమీటర్లు సాగుతుంది, రెండో చెయ్యి మొలవనే మొలవదు. వరస పొడవునా కుట్టు పక్కన కుట్టు ఇరికించుకుంటూ పోయిందంటే వీపు మధ్యలోంచి లంగా కుచ్చిళ్లు లేస్తాయి. రెండు అంచులా ముప్పయ్యేసి వేస్తేనే అది కోటు. తెలిసినవాళ్లు ఈ మూడోదే చేస్తారు, నిజమే. కానీ తెలిసినవాళ్లకు మీ పేజీతో పనేముంది?

అసలు తికమక ‘చేర్చండి’ అనే మాటలో ఉంది. అల్లికలో అది రెండు వేర్వేరు పనులకు వాడేస్తున్నారు. వరస లోపల అక్కడక్కడ ఒక్కో కుట్టు పుట్టించి గుడ్డను కొద్దికొద్దిగా వెడల్పు చేయడం ఒకటి. దీన్ని పెంచడం అందాం. వరస చివర, అంచు బయట, ఒకేసారి పదో ముప్పయ్యో కొత్త కుట్లు సూది మీదికి తేవడం రెండోది. మొట్టమొదట అల్లిక మొదలుపెట్టేటప్పుడు చేసే పనే ఇది, కాబట్టి దీన్ని ఎక్కించడం అనాలి. పెంచితే అంచు ఏటవాలుగా వాలుతుంది. ఎక్కిస్తే మెట్టులా మలుపు తిరుగుతుంది. మీ పేజీలో ఈ రెండు మాటలూ వేర్వేరుగా వాడితే సగం ఉత్తరాలు మీకు రావు.

మగ్గం నేతకు ఈ వెసులుబాటు లేదు. ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లిన వెంకటగిరిలో అయినా, బాపట్ల జిల్లాలోకి వెళ్లిన చీరాలలో అయినా, పడుగు ఒకసారి మగ్గానికి ఎక్కాక చీర వెడల్పు ఖాయం. పేక ఎంత కొట్టినా పన్నా పెరగదు. ఊలు అల్లిక తీరు విసురు వల తీరు. మైపాడు, కొత్తపట్నం తీరంలో చేత్తో అల్లిన విసురు వలను ఇసకలో పరిచినప్పుడు చూడండి. పైన తాడు కట్టేచోట కన్నులు కొన్నే ఉంటాయి. కిందికి వచ్చేకొద్దీ లెక్క ప్రకారం కొన్ని వరసలకోసారి, కొన్ని కన్నులకోసారి, అదనంగా ఒక్కో కన్ను పడుతుంది. సీసం గుళ్ల అంచుకు వచ్చేసరికి వల గుండ్రంగా విచ్చుకుంటుంది. లెక్క తప్పి ఒకే పక్కన కన్నులు పెరిగితే విసిరినప్పుడు వల వంకరగా పడుతుంది. పసిబిడ్డ టోపీని నడినెత్తి నుంచి అల్లేవాళ్లు చేసేదీ అదే. 8 కుట్లతో మొదలుపెట్టి చుట్టు విడిచి చుట్టులో 8 పెంచుతూ 16, 24, 32 అని 72 దాకా పోవడం. పెంచడం తక్కువైతే టోపీ గోపురంలా మొన తేలుతుంది, ఎక్కువైతే అంచు అలలు అలలుగా లేస్తుంది.

పెంచే పద్ధతులు చాలా ఉన్నాయి. ఇంట్లో అల్లుకునేవాళ్లకు రెండు వస్తే చాలు.

మొదటిది ఒక కుట్టులోంచి రెండు తీయడం. కుట్టు ముందు పాయలోంచి (ఉచ్చులో సూదికి మనవైపున్న సగం) ప్లెయిన్, అంటే మామూలు సూటి కుట్టు, అల్లాలి. పాత కుట్టును ఎడమ సూది మీంచి దించకుండా, దాని వెనక పాయలోంచి ఇంకోసారి ప్లెయిన్ అల్లి అప్పుడు దించాలి. తేలిక, కన్నం పడదు. అయితే రెండో కుట్టు మొదట్లో ఒక చిన్న అడ్డగీత, పర్ల్ కుట్టు (ప్లెయిన్‌కు తిరగేసిన కుట్టు) గింజలాగా, మంచివైపు (బయటికి కనిపించే పక్క) నిలబడిపోతుంది. పట్టీ (అంచున సాగేలా అల్లే భాగం) పక్కనైతే కనిపించదు గానీ సాదా అల్లికలో కనిపిస్తుంది. ఆ గీత ఎప్పుడూ కుట్టుకు ఎడమపక్కనే పడుతుంది కాబట్టి రెండు అంచులా ఒకే దూరంలో పెంచితే గీతలు ఒకే దూరంలో రావు. వరస మొదట ఒక కుట్టు అల్లి రెండోదానిలో పెంచితే, వరస చివర మూడు కుట్లు మిగిలి ఉండగానే మొదటిదానిలో పెంచి మిగతా రెండూ అల్లేయాలి. అప్పుడు రెండు పక్కలా గీతకు అవతల రెండేసి కుట్లు సరిగ్గా మిగులుతాయి. ఇది రాయకుండా ‘రెండు చివర్లా రెండో కుట్టులో పెంచండి’ అని రాసే కొలతలే ఎక్కువ.

రెండోది అడ్డపోగు ఎత్తడం. మాకు నచ్చేది ఇదే. రెండు సూదుల నడుమ, ఇప్పుడే అల్లిన కుట్టుకూ అల్లబోయే కుట్టుకూ మధ్య, కింది వరస నుంచి అడ్డంగా ఒక ఊలు పోగు కనిపిస్తుంది. ఎడమ సూది మొనను దాని కిందకు ముందు నుంచి వెనక్కి పోనిచ్చి పోగును సూది మీదికి ఎత్తండి. ఇప్పుడు దాన్ని వెనక పాయలోంచి ప్లెయిన్ అల్లండి. పోగు మెలిక తిరిగి బిగుసుకుంటుంది, కొత్త కుట్టు ఎడమకు వాలుతుంది. కుడికి వాలాలంటే అదే పోగును వెనక నుంచి ముందుకు ఎత్తి ముందు పాయలోంచి అల్లాలి. ఇది కాస్త బిగుతుగా ఉంటుంది, మొన లోపలికి దూరనని మొరాయిస్తుంది. ఆ మొరాయింపే గుర్తు. సూది సులువుగా దూరిందంటే మెలిక పడలేదు, అక్కడ కంది గింజంత కన్నం మిగిలిందని అర్థం. నూలు దారంతో అల్లేవాళ్లు ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఊలు సాగి, ఉబ్బి చిన్నచిన్న తప్పుల్ని కప్పేస్తుంది. నూలు కప్పదు. మన ఎండలకు నూలే మేలని పసివాళ్లకు నూలు దారమే వాడేవాళ్లు మనవైపు ఎక్కువ కాబట్టి ఈ మాట చెప్పడం.

కన్నం కావాలనుకుంటే ఊలును సూది చుట్టూ ఒకసారి తిప్పితే చాలు. అది పూల అల్లిక సంగతి. అక్కడ ఒకటి పెంచిన వెంటనే రెండు కుట్లు కలిపి ఒకటి చేస్తారు, మొత్తం మారదు. ఆకారం కోసం దాన్ని వాడొద్దు.

లెక్కకు వద్దాం. మీరు ఇచ్చిన కొలత 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, 30 వరసలు. విడిగా అల్లే చెయ్యి ఒకటి తీసుకుందాం. మణికట్టు దగ్గర 32 కుట్లు, చంక దగ్గర 44. అంటే 12 పెరగాలి. వరసకు రెండు చొప్పున ఆరుసార్లు పెంచాలి. పట్టీ పైనుంచి చంక దాకా 14 సెంటీమీటర్లు, అంటే 42 వరసలు. 42ను ఆరుతో భాగిస్తే ఏడు. ‘ప్రతి ఏడో వరసలో పెంచండి’ అని రాసేస్తారు. లెక్కల మాస్టారైతే మార్కులు వేస్తాడు, అల్లేవాళ్లకు మాత్రం అది తలనొప్పి. ఏడు బేసి సంఖ్య కాబట్టి ఒకసారి మంచివైపు, ఒకసారి తిరగవైపు పెంచాల్సి వస్తుంది. తిరగవైపు పర్ల్‌లో పోగు ఎత్తి మెలిక తిప్పడం చెయ్యి తిరిగినవాళ్లకే విసుగు. ఆరు వరసలకోసారి పెంచితే సరిపోతుంది. 5, 11, 17, 23, 29, 35 వరసల్లో పెంచితే అన్నీ మంచివైపే వస్తాయి. కుట్లు 34, 36, 38, 40, 42, 44 అవుతాయి. మిగిలిన ఏడు వరసలూ ఏమీ పెంచకుండా అల్లేస్తే 42 పూర్తి. చంక దగ్గర కాస్త తిన్నగా ఉండటం చేతికి మంచిదే.

అంచు కుట్టులోనే పెంచొద్దు. అంచు నుంచి రెండు కుట్లు వదిలి లోపల పెంచాలి. చివరికి చెయ్యిని గొట్టంలా కలిపి కుట్టేటప్పుడు ఆ రెండు కుట్లు తిన్నగా నిచ్చెన మెట్లలా నిలబడి ఉంటాయి, సూది ఎక్కడ దూర్చాలో వెతుక్కోనక్కర్లేదు. అంచులోనే పెంచితే అంచు పళ్లు పళ్లుగా అవుతుంది, కుట్టు వంకరపోతుంది.

పట్టీ నుంచి ఒంటి భాగానికి మారేచోట ఇంకో తప్పు తరచుగా కనిపిస్తుంది. పట్టీ 64 కుట్లు, పైన 72 కావాలి. ‘ఎనిమిదికొకటి పెంచండి’ అంటారు. అలా లెక్కపెడితే ఎనిమిదో పెంపు వరస చిట్టచివర, అంచు మీద పడుతుంది, మొదట్లో మాత్రం ఎనిమిది కుట్లు ఖాళీగా ఉంటాయి. ముందు 4 కుట్లు అల్లి ఒకటి పెంచాలి. తర్వాత ఎనిమిదేసి అల్లి ఒకటి పెంచడం ఏడుసార్లు. చివర 4 మిగులుతాయి. సరిగ్గా భాగం కాని సంఖ్య వస్తే భయపడక్కర్లేదు. 70 కుట్లలో ఎనిమిది పెంచాలనుకోండి. రెండు చివర్లా ఐదేసి వదలండి. మధ్యలో మిగిలిన 60 కుట్లను ఏడు సందులుగా పంచాలి. నాలుగు సందులు తొమ్మిదేసి, మూడు సందులు ఎనిమిదేసి. తొమ్మిదీ ఎనిమిదీ మార్చి మార్చి వేస్తే కంటికి తేడా తెలియదు.

ఇప్పుడు అసలు విషయం, ఎక్కించడం. మీ కోటులో కావాల్సింది ఇదే.

ముందుగా ఒక నియమం. కొత్త కుట్లు వరస మొదట్లోనే ఎక్కించాలి, వరస చివర కాదు. కారణం తేలిక. ఎక్కించేదానికి ఊలు కావాలి, ఉండ నుంచి వచ్చే ఊలు ఎప్పుడూ వరస మొదటి కుట్టు దగ్గరే ఉంటుంది. అందుకే రెండు చేతులకు కావాల్సినవి ఒకే వరసలో రావు. కుడి పక్కవి ఒక వరస మొదట, అల్లిక తిప్పాక ఎడమ పక్కవి తర్వాతి వరస మొదట. ఒక చెయ్యి ఇంకో చెయ్యి కన్నా ఒక వరస వెనకబడుతుంది కదా అని అడుగుతారు. ఒక వరస అంటే మూడు మిల్లీమీటర్ల చిల్లర. కుట్టాక ఎవరికీ కనిపించదు.

వరస చివర ఎక్కించే పద్ధతి ఒకటి లేకపోలేదు. బొటనవేలికి ఊలు చుట్టి ఆ ఉచ్చును కుడి సూదికి తొడిగి లాగడం. చాలామంది మొదట నేర్చుకునేది, ఎక్కడ పడితే అక్కడ వాడేది ఇదే. నాలుగైదు కుట్ల దాకా పరవాలేదు. ముప్పై కుట్లకు వాడితే ఏమవుతుందో చూడండి. ఆ ఉచ్చులకు కింద ఆధారం లేదు, ఒకదాని పక్కన ఒకటి ఊరికే మెలిక పడి ఉంటాయి. తర్వాతి వరసలో మొదటి ఉచ్చును అల్లగానే దాని సడలు పక్క ఉచ్చులోకి పోతుంది. రెండోది అల్లితే రెండింటి సడలూ మూడోదానిలోకి. పదో కుట్టుకు వచ్చేసరికి రెండు సూదుల మధ్య జానెడు ఊలు వేలాడుతుంది. దాన్ని ఎక్కడా సర్దలేరు. ‘నా చెయ్యి వదులు’ అని అమ్మాయిలు తమను తాము తిట్టుకుంటారు గానీ తప్పు చేతిది కాదు, పద్ధతిది.

పెద్ద సంఖ్యకు సరైనది రెండు కుట్ల మధ్య నుంచి ఎక్కించడం. అల్లిక ఉన్న సూదిని ఎడమ చేతిలో పట్టుకోండి. కుడి సూదిని మొదటి కుట్టులోకి ప్లెయిన్ అల్లబోతున్నట్టే పోనిచ్చి ఊలు చుట్టి ఉచ్చును బయటికి లాగండి. పాత కుట్టును దించకండి. లాగిన ఉచ్చును అలాగే ఎడమ సూదికి తగిలించండి. ఒక కుట్టు ఎక్కింది. రెండోదాని నుంచి దారి మారుతుంది. కుడి సూదిని కుట్టు లోపలికి కాదు, ఎడమ సూది మీది మొదటి రెండు కుట్ల నడుమ సందులోకి పోనివ్వాలి. ఊలు చుట్టి లాగి ఎడమ సూదికి తగిలించాలి. ఇలాగే ముప్పై. అంచు సన్నటి తాడు పేనినట్టు గట్టిగా, చక్కగా వస్తుంది.

ఇందులో పొరపాటు జరిగేది బిగించే వేళలో. ఉచ్చును తగిలించగానే ఊలు లాగి బిగిస్తే, తర్వాతిదానికి కుట్ల మధ్యకు మొన దూరదు. ఉచ్చు తగిలించాక, బిగించకముందే, కుడి సూది మొనను సందులో పెట్టేయాలి. అప్పుడు బిగించాలి. మొన అప్పటికే లోపల ఉంటుంది కాబట్టి దానికి కావాల్సిన చోటు మిగిలే ఉంటుంది. ఈ ఒక్క కిటుకు తెలియక ఈ పద్ధతినే వదిలేసినవాళ్లు ఉన్నారు.

రెండు కుట్ల మధ్య నుంచి కాకుండా ప్రతిసారీ కుట్టులోంచే లాగి ఎక్కించినా తప్పేం లేదు. అంచు కాస్త వదులుగా, ఉచ్చులు ఉచ్చులుగా ఉంటుంది. తర్వాతి వరసలో ఆ కొత్త కుట్లను వెనక పాయలోంచి అల్లితే బిగువు వస్తుంది. తిరగవైపు ఎక్కించినప్పుడు అంచు రూపు కాస్త వేరుగా కనిపిస్తే కంగారు పడొద్దు, చంక కింద కుట్టులోకి పోయే అంచే అది.

చంక మూల గురించి మీ కొలతల్లో ఒక్క ముక్క కూడా లేదు, అక్కడే కోటు చిరుగుతుంది. 56 నుంచి ఒక్క దెబ్బన 116కు పోతే ఒంటికీ చేతికీ మధ్య లంబకోణం వస్తుంది. బిడ్డ చెయ్యి దూర్చేటప్పుడు లాగే లాగుడంతా ఆ ఒక్క కుట్టు మీద పడుతుంది. మూలలో కన్నం పడి, ఉతికేకొద్దీ పెద్దదవుతుంది. పెంచడం, ఎక్కించడం రెండూ కలపాల్సిన చోటు ఇదే. ముందు మంచివైపు నాలుగు వరసల్లో రెండు అంచులా ఒక్కోటి పెంచితే 64 అవుతాయి, మూల వంపు తిరుగుతుంది. ఆ తర్వాత ఒక్కో పక్క 26 ఎక్కిస్తే అవే 116. కొలత మారదు, బిడ్డ చంకలో గుడ్డ ముద్ద కట్టదు.

మెడ దగ్గర ఇంకోసారి ఎక్కించాల్సి ఉంది, దాన్నీ మీరు ‘చేర్చి’ అనే వదిలేశారు. వీపు నుంచి ముందుకు ఒకే ముక్కగా అల్లుతూ భుజాల మీదికి వచ్చాక 48 కుట్లు అల్లి, మధ్య 20 మూసి (ఒకదాని మీంచి ఒకటి దాటించి సూది మీంచి దించేసి), మిగతా 48 అల్లుతారు. ఊలు అంటుకుని ఉన్న 48తో ఒక ముందు భాగం, పెద్ద పిన్నీసుకు ఎక్కించి ఉంచిన 48తో ఇంకొకటి. మెడ వంపు కోసం ఒక్కోదానికి మెడ అంచున 10 కుట్లు కావాలి, 58 అవుతాయి. ఊలు ఉన్న ముక్కకు మెడ అంచు మంచివైపు వరస మొదట్లో వస్తుంది, అక్కడే ఎక్కించాలి. రెండో ముక్కకు మెడ అంచు తిరగవైపు వరస మొదట్లో వస్తుంది, పర్ల్ వరసకు ముందు ఎక్కించాలి. ఈ తేడా రాయకపోతే రెండో ముక్కకు పది కుట్లూ ముంజేతి అంచుకు పోతాయి. చెయ్యి అయిపోయాక 26 మూసి, నాలుగు మంచివైపు వరసల్లో ఒక్కోటి తగ్గిస్తే 28 మిగులుతాయి. రెండు ముందు భాగాలూ కలిపి 56, వీపుతో సమానం. ఆ 26 మూసేటప్పుడు ఒక సైజు లావు సూది వాడమనండి. మూసిన అంచు ఎప్పుడూ ఎక్కించిన అంచు కన్నా బిగుతుగా ఉంటుంది, రెండూ కలిపి కుట్టేటప్పుడు చెయ్యి కింద ముడతలు పడతాయి.

మెడ నుంచి కిందికి గుండ్రంగా అల్లే స్వెటర్లలో చంక కింద నాలుగో ఆరో కుట్లు ఎక్కిస్తారు. అక్కడ బొటనవేలి ఉచ్చులే చాలు. ఆ కుట్లకు రెండు పక్కలా కన్నాలు పడతాయి. తర్వాత చెయ్యి అల్లేటప్పుడు ఆ సందుల్లోంచి పక్కకొకటి అదనంగా ఎత్తి, తర్వాతి చుట్టులో దాన్ని పక్క కుట్టుతో కలిపేస్తే కన్నం మూసుకుంటుంది.

ఎవరూ చేర్చకుండానే చేరిపోయే కుట్లు కూడా ఉన్నాయి. వరస మొదట్లో ఊలు సూది మీంచి వెనక్కి పోయిందనుకోండి, మొదటి కుట్టు పైకి లాగబడి రెండు పాయలూ రెండు కుట్లలా కనిపిస్తాయి. కొత్తవాళ్లు రెండూ అల్లేస్తారు. పది వరసలకు పది కుట్లు పెరిగి, చదరంగా రావాల్సిన ముక్క విసనకర్ర అవుతుంది. ఊలును ఎప్పుడూ సూది కిందుగా ఉంచి మొదలుపెట్టాలి. ఊలు పోగులు విడిపోయి, సగం పోగుల్లోంచి ఒకసారి, మిగతా సగంలోంచి ఒకసారి అల్లడం ఇంకో దారి. వరస మధ్యలో పక్కన పెట్టి, మళ్లీ అందుకునేటప్పుడు వచ్చిన దిక్కుకే తిరిగి అల్లడం మూడోది. ఊలు కుడి సూది మీది చివరి కుట్టుకు తగులుకుని ఉండాలి, అది చూసుకుంటే చాలు.

పెంచాల్సినచోట మరిచిపోతే రెండు మూడు వరసల పైదాకా ఊడదీయనక్కర్లేదు. ఆ కింది వరసలోని అడ్డపోగును క్రోషే కొక్కెంతో మెలిక తిప్పి ఎత్తి, పై అడ్డపోగుల్ని ఒక్కొక్కటే దానిలోంచి లాగుతూ పైకి రావచ్చు. చుట్టుపక్కల కుట్లు కొంచెం బిగుసుకుంటాయి, ఉతికాక సర్దుకుంటాయి. అంతకన్నా కిందకు పోయిందంటే ఊడదీయడమే మంచిది.

సూదుల సంగతి ఒకటి. మీరు ‘8 నంబరు సూదులు’ అని మాత్రం వేశారు. మన బజార్లో పాత ఇంగ్లండు లెక్క నడుస్తోంది. అందులో 8 అంటే 4 మిల్లీమీటర్లు, పట్టీకి వాడే 10 అంటే మూడుంబావు. నంబరు పెరిగితే సూది సన్నం. అమెరికా లెక్కలో నంబరు పెరిగితే సూది లావు, 8 అంటే 5 మిల్లీమీటర్లు. ఆ సూదితో 10 సెంటీమీటర్లకు 22కు బదులు 18 కుట్లే పడితే, 53 సెంటీమీటర్లు రావాల్సిన 116 కుట్లు 64 దాటతాయి. నంబరుతో పాటు మిల్లీమీటర్లు కూడా వేయండి. (ఉదయగిరిలో చెక్కతో అంత నునుపైన గరిటెలు, చెంచాలు చేసే చేతులు అల్లిక సూదులు కూడా చేస్తే బాగుండునని ఒక ఆశ. చెక్క సూది మీద కుట్టు జారదు, కొత్తవాళ్లకు అదే కావాలి.)

116 కుట్లు పొట్టి సూది మీద ఇరుక్కుని మొన నుంచి జారిపోతుంటాయి. రెండు మొనల్ని తీగతో కలిపిన 80 సెంటీమీటర్ల సూదితో అటూ ఇటూ తిప్పి అల్లుకోవచ్చు, బరువు ఒళ్లో పడుతుంది. ఆక్రిలిక్ ఊలుతో అల్లిన కోటు అంచులు ముడుచుకుంటే వేడి ఇస్త్రీ పెట్టొద్దని కూడా రాయండి. ఆక్రిలిక్ వేడికి చచ్చుబడి సాగిలపడుతుంది, మళ్లీ బిగువు రాదు. తడిపి, పిన్నులతో పరిచి ఆరబెడితే చాలు.

వచ్చే ఆదివారం సవరణ వేస్తే ఈ మాటల్లో వేయమని మనవి:

‘56 కుట్లు. 1వ వరస మంచివైపు. 42 వరసలు పెంచకుండా అల్లండి. 43, 45, 47, 49 వరసల్లో రెండు అంచులా రెండేసి కుట్లు లోపలగా ఒక్కోటి పెంచండి. మొత్తం 64. 50వ వరస పర్ల్. 51వ వరస మొదట్లో 26 కుట్లు ఎక్కించి వరసంతా ప్లెయిన్ అల్లండి. మొత్తం 90. 52వ వరస మొదట్లో 26 కుట్లు ఎక్కించి వరసంతా పర్ల్ అల్లండి. మొత్తం 116. ఇక్కడ ఆగి ఒకసారి లెక్కపెట్టండి.’

51వ వరసకు ముందే ఉండలో ఎంత ఊలు ఉందో చూసుకోమని కింద ఒక ముక్క కలపండి. వరసకు దాని వెడల్పుకు నాలుగింతల ఊలు పడుతుంది, ఎక్కించేదానికి వేరే. ఈ రెండు వరసలకూ ఐదు మీటర్లకు తగ్గకుండా ఉండాలి. లేకపోతే 51 మొదట్లోనే కొత్త ఉండ అందుకోవాలి. అప్పుడు కొస చంక కింది కుట్టులో దాగిపోతుంది, చెయ్యి మధ్యలో ముడి పడదు.

ఇట్లు,
అల్లిక నేర్పే కొందరు పాఠకులు,
నెల్లూరు, ఒంగోలు